కళ్ళు తిరుగుతున్నాయని మాత్రమే చెప్పకండి

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో జాకెట్లు కుడతాను. ఇరవై ఏళ్ళుగా ఇదే పని. కొందరు షాపుకి వచ్చి "అక్కా, జాకెట్ సరిగ్గా లేదు" అని ఒక్క మాట చెప్పి నిలబడతారు. ఆ మాటతో నేనేమీ చేయలేను. "చెయ్యి పైకెత్తితే చంక దగ్గర పట్టేస్తోంది" అంటే మాత్రం రెండు నిమిషాల్లో కుట్టు విప్పి సరిచేస్తాను. ఇంత తెలిసిన నేనే పద్నాలుగు నెలల పాటు ఐదుగురు డాక్టర్ల దగ్గర "కళ్ళు తిరుగుతున్నాయి సార్" అని మాత్రమే చెప్పుకున్నాను.

తప్పంతా నాదే అనడం లేదు. ఏమీ చెప్పలేని మనిషిని కూడా మంచి టైలర్ అడిగి తెలుసుకుంటుంది. చెయ్యెత్తమ్మా, కాస్త వంగమ్మా, ఇప్పుడు ఎక్కడ పట్టింది అంటుంది. నన్ను అలా అడిగింది ఆరో డాక్టరు. అంతకుముందు ఒకరు మెడ అరిగిందన్నారు, ఒకరు నీరసమని టానిక్ రాశారు, ఒకరు ఈ వయసులో ఆడవాళ్ళకి మామూలే అన్నారు. ఇంకొకరు నేను ఎదురుగా కూర్చుని ఉండగానే మా ఆయన వైపు తిరిగి "ఇంట్లో ఏమైనా గొడవలా? టెన్షన్ పడుతున్నట్టున్నారు" అన్నారు. ఆ రోజు ఇంటికి వచ్చి చాలాసేపు ఏడ్చాను. నా తలలో జరుగుతున్నది నన్ను అడగకుండా పక్కవాళ్ళని అడగడం అంత బాధపెట్టింది.

నాలాంటి వాళ్ళు ఈ నగరంలో ఎందరో ఉన్నారు. వాళ్ళకి కనీసం ఆ పద్నాలుగు నెలలు మిగలాలని, నేను నేర్చుకున్నది రాస్తున్నాను.

ముందుగా, పుస్తకాలూ చీటీలూ పక్కన పెట్టి వెంటనే 108కి ఫోన్ చేయాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. కళ్ళు తిరగడంతో పాటు మాట ముద్దగా రావడం, మూతి ఒక వైపు వంకర పోవడం, ఒక చెయ్యి గానీ కాలు గానీ పట్టు తప్పడం, ఒకటి రెండుగా కనిపించడం, ఎన్నడూ లేనంత తలనొప్పి ఒక్కసారిగా రావడం, ఆసరా లేకుండా నిలబడలేకపోవడం, గుండెలో నొప్పి, స్పృహ తప్పడం. వీటిలో ఏది ఉన్నా "కాసేపు పడుకుంటే తగ్గుతుందిలే" అనుకోకండి. పక్షవాతం అయితే రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి మామూలుగా నాలుగున్నర గంటల లోపే సమయం. ఒక చెవి ఉన్నట్టుండి వినపడటం మానేసినా ఆ రోజో మర్నాడో చెవి డాక్టరును కలవాలి. ఆలస్యమయ్యే కొద్దీ వినికిడి తిరిగొచ్చే అవకాశం తగ్గుతుంది.

ఇక నెలల తరబడి వస్తూ పోతూ, రిపోర్టులన్నీ నార్మల్ అని వచ్చే తిప్పు సంగతి.

మనం అన్నిటికీ ఒకే మాట వాడతాం. హైదరాబాదులో అయితే "చక్కర్ వస్తోంది" అంటే అందులో అన్నీ వచ్చేస్తాయి. కానీ మన భాషలోనే దీనికి వేరువేరు మాటలున్నాయి. గది గిర్రున తిరిగినట్టు ఉండడం ఒకటి. లేచి నిలబడగానే కళ్ళు బైర్లు కమ్మడం ఇంకొకటి. తల బాగానే ఉండి నడకలో తూలడం మరొకటి. పడవ మీద నిలబడ్డట్టు, తల తేలిపోతున్నట్టు, దిమ్ముగా ఉండడం వేరొకటి. మీది ఏదో చూసుకుని ఆ మాటే చెప్పండి. రెండు మూడు కలిసి ఉంటే కలిసే ఉన్నాయని చెప్పండి.

అయితే ఈ మాటల కంటే గట్టి ఆధారాలు రెండున్నాయి. ఎంతసేపు ఉంటోంది? ఏం చేస్తే వస్తోంది? ఆరో డాక్టరు మేడమ్ నన్ను అడిగిన మొదటి ప్రశ్నలు ఇవే. ఎలా ఉంటుందన్నది మనిషి గంటకోలా చెప్తారు గానీ ఎంతసేపు, ఎప్పుడు అన్నవి అంతగా మారవు అన్నారావిడ.

మంచం మీద పక్కకి దొర్లినప్పుడో, పై అరలో డబ్బా కోసం తల ఎత్తినప్పుడో గిర్రున తిరిగి, నిమిషం లోపే ఆగిపోతే అది ఎక్కువగా చెవి లోపలి సున్నపు రేణువుల సమస్య. బీపీపీవీ అంటారు. ఉండాల్సిన చోటు నుంచి జారిన రేణువులు లోపలి గొట్టాల్లోకి చేరతాయి. డాక్టరు మనల్ని కూర్చోబెట్టి, తల ఒక పక్కకి తిప్పి, గబుక్కున వెనక్కి పడుకోబెట్టి కళ్ళలోకి చూస్తారు. దీన్ని డిక్స్-హాల్‌పైక్ పరీక్ష అంటారు, 1952 నుంచీ ఉంది. మిషన్ అక్కర్లేదు, మంచం చాలు. తేలితే ఎప్లీ అనే పద్ధతిలో తలను వరుసగా తిప్పి రేణువులను వెనక్కి పంపుతారు. చాలామందికి ఒకటి రెండు సార్లకే తగ్గుతుంది. నన్ను చూసిన ఐదుగురిలో ఒక్కరు కూడా ఆ మంచం మీద పడుకోమనలేదు. అందుకే చెప్తున్నా, మీకు తల కదిపితే వస్తుంటే "డిక్స్-హాల్‌పైక్ చేస్తారా?" అని పేరు పెట్టి అడగండి. ఇంట్లో వీడియో చూసి సొంతంగా మొదలు పెట్టకండి. ఏ చెవో, ఏ గొట్టమో తెలియాలి, మెడ సంగతి కూడా చూసుకోవాలి.

ఇరవై నిమిషాల నుంచి కొన్ని గంటలు ఉండి, ఒక చెవిలో హోరు, దిబ్బడ, వినికిడి తగ్గడం కూడా ఉంటే మెనియర్స్ అనే లోపలి చెవి వ్యాధి ఏమో చూస్తారు. రోజుల తరబడి ఆగకుండా తిరిగి, వాంతులై, తర్వాత మెల్లగా తగ్గితే చెవి నరం వాపు కావచ్చు. అయితే అలా మొదటిసారి వచ్చినప్పుడు పక్షవాతం కాదని ఆస్పత్రిలో తేల్చుకోవాలి. లేచినప్పుడే వస్తుంటే బీపీ, రక్తహీనత, వాడే మాత్రలు చూడాలి. ఐదు నిమిషాల నుంచి మూడు రోజుల దాకా ఎంతైనా ఉంటూ, వెలుతురు, చప్పుడు సహించలేకపోవడం తోడైతే వెస్టిబ్యులర్ మైగ్రేన్, అంటే తల తిప్పుగా బయటపడే మైగ్రేన్ కావచ్చు. నాది ఇదే అని తేలింది.

తేలడానికి అంత కాలం ఎందుకు పట్టిందంటే, తిప్పు వచ్చినప్పుడు నాకు ప్రతిసారీ తలనొప్పి ఉండదు. తలనొప్పి లేకుండా మైగ్రేన్ ఏమిటని నేనూ అనుకున్నాను. పెళ్ళికాక ముందు నాకు నెలకోసారి ఒక పక్క తల పగిలిపోయేది, చీకటి గదిలో పడుకునేదాన్ని. ఆ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఈ జబ్బుకి లక్షణాల జాబితా అంతర్జాతీయంగా ఖాయమైంది 2012లోనే. ఎంఆర్ఐలో ఇది కనపడదు. దీన్ని పట్టించేది మనం చెప్పే కథే. కథ వినకపోతే జబ్బు దొరకదు.

నా కథను రాసింది నా ఆర్డర్ల పుస్తకం. కొలతలు రాసుకునే ఆ పొడుగు పుస్తకంలోనే వెనక పేజీలకి గీతలు గీసుకున్నాను. తేదీ, టైము, ఎంతసేపు, అప్పుడు ఏం చేస్తున్నాను, ముందు రాత్రి ఎన్ని గంటలు పడుకున్నాను, ఏం తిన్నాను, నెలసరి ఎన్నో రోజు, వెలుతురు బాధపెట్టిందా, చెవిలో ఏమైనా. ఒక్కో వరుస రాయడానికి అర నిమిషం. నేను రాయలేని స్థితిలో ఉంటే షాపులో అమ్మాయి రాసేది. ఐదు వారాల్లో పదకొండు సార్లు వచ్చింది. పేజీ మొత్తం ఒకసారి పైనుంచి కిందికి చూస్తే నాకే ఆశ్చర్యమేసింది. అందులో నాలుగు శనివారాలే. శనివారం నాకు ఉపవాసం, సాయంత్రం దాకా ఏమీ తినను. మూడు సార్లు పెళ్ళి ఆర్డర్ల కోసం అర్ధరాత్రి దాటాక పడుకున్న మర్నాడు. రెండు సార్లు పోచంపల్లి ఇక్కత్ బట్ట కత్తిరిస్తుండగా.

ఇక్కత్ గురించి కొంచెం చెప్పాలి. అసలు మొదటిసారి వచ్చింది కూడా దాని మీదే. రెండేళ్ళ కిందట పెళ్ళిళ్ళ సీజన్‌లో, బల్ల మీద పరిచిన బట్ట మీద గళ్ళు నెమ్మదిగా పక్కకి జరుగుతున్నట్టు కనిపించాయి. కత్తెర కింద పెట్టి బల్ల అంచు పట్టుకున్నాను. మూడు గంటలు పట్టింది మామూలు కావడానికి. ఈ మాట ఒక డాక్టరుకి చెప్తే నవ్వారు. కానీ గళ్ళు, చారలు, సూపర్ మార్కెట్‌లో వరుసల మధ్య నడక, ఎస్కలేటర్, ఫోన్‌లో గబగబా జరిగే బొమ్మలు, ఇవన్నీ ఈ జబ్బున్న వాళ్ళని ఇబ్బంది పెట్టేవే. చెవి లోపలి బ్యాలెన్స్ మీద నమ్మకం తగ్గినప్పుడు మెదడు కళ్ళ మీద ఎక్కువ ఆధారపడుతుంది, అందుకే కళ్ళ ముందు కదలిక ఎక్కువైతే తట్టుకోలేదు. మీకూ ఇలాంటివి ఉంటే నవ్వుతారని దాచుకోకండి. నవ్విన వాళ్ళకి తెలియదని అర్థం, అంతే.

పుస్తకంతో పాటు ఇంకో రెండు పనులు ఇంట్లోనే చేయొచ్చు. బీపీ మిషన్ ఉంటే, లేదా పక్కింటి వాళ్ళని అడిగి తెచ్చుకుని, ఐదు నిమిషాలు పడుకుని ఒకసారి, లేచి నిలబడ్డాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి చూసి రాయండి. పక్కన ఒక మనిషి ఉండాలి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడితే డాక్టరుకి చెప్పాల్సిన విషయం. బీపీ పడకుండా, నిలబడ్డ పది నిమిషాల లోపు గుండె వేగం మాత్రం నిమిషానికి 30 అంతకంటే ఎక్కువ పెరిగి, అది తగ్గకపోతే అది వేరే సమస్య, పాట్స్ అంటారు, అదీ చెప్పాలి. రెండోది, తిప్పు వచ్చినప్పుడు ఇంట్లో వాళ్ళని ఫోన్‌తో మీ కళ్ళు దగ్గరగా వీడియో తీయమనండి. కళ్ళు తెరిచి నేరుగా చూస్తూ అర నిమిషం చాలు. డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి తిప్పు ఉండదు. కనుగుడ్లు ఏ వైపుకి కొట్టుకుంటున్నాయన్నది ఆ వీడియోలోనే ఉంటుంది. మా అబ్బాయి తీసిన ఇరవై సెకన్ల వీడియోను మేడమ్ మూడుసార్లు చూశారు.

రక్త పరీక్షలు ముందే చేయించుకుని వెళ్తే ఆస్పత్రి చుట్టూ ఒక విడత తిరుగుడు తప్పుతుంది. హిమోగ్లోబిన్, షుగర్, థైరాయిడ్, బీ12. ఆడవాళ్ళకి హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువైతే రక్తహీనతే. మన బస్తీ దవాఖానాలో డాక్టరు రాస్తే శాంపిల్ తీసుకుని ఉచితంగా చేయిస్తారు. ఎవరిని కలవాలి అంటే ముందు జనరల్ ఫిజీషియన్, తర్వాత ఈఎన్‌టీ గానీ న్యూరాలజీ గానీ. ప్రభుత్వంలో అయితే కోఠిలో ఈఎన్‌టీ ఆస్పత్రి ప్రత్యేకంగా ఉంది. న్యూరాలజీకి పంజాగుట్టలో నిమ్స్ ఉంది. మా దిల్‌సుఖ్‌నగర్ నుంచి రెండూ ఒకే మెట్రో లైను, రైలు మారక్కర్లేదు. ఓపీకి పొద్దున్నే వెళ్ళాలి, తోడు మనిషి ఉండాలి, తినడానికి ఏదైనా సంచీలో పెట్టుకోవాలి. ఖాళీ కడుపుతో లైన్లో నిలబడితే అక్కడే మొదలవుతుంది.

ఇక లోపలికి వెళ్ళాక మాట్లాడేది. మీకు దొరికేది నాలుగైదు నిమిషాలు. మొదటి నిమిషం మీదే కావాలి. నేను ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసుకుని చదివాను. సిగ్గుపడలేదు. అది ఇలా ఉంది:

"నాకు 41 ఏళ్ళు, టైలర్‌ని. పద్నాలుగు నెలలుగా తల తిప్పు. పడవలో ఉన్నట్టు ఊగుతుంది, కొన్నిసార్లు గది తిరుగుతుంది. రెండు నుంచి ఐదు గంటలుంటుంది. ఐదు వారాల్లో పదకొండు సార్లు. తిండి మానితే, నిద్ర తగ్గితే, గళ్ళ బట్ట చూస్తే వస్తుంది. వెలుతురు భరించలేను. చెవులు బాగా వినపడుతున్నాయి. స్పృహ ఎప్పుడూ తప్పలేదు. వాడిన మాత్రలు ఇవి. ఎంఆర్ఐ, షుగర్, థైరాయిడ్ నార్మల్. మెషీన్ దగ్గర గంట కంటే ఎక్కువ కూర్చోలేకపోతున్నాను, సంపాదన సగమైంది."

చివరి వాక్యం తప్పకుండా పెట్టండి. జబ్బు వల్ల ఏ పని ఆగిపోయిందో చెప్పినప్పుడే అది ఎంత పెద్దదో ఎదుటివాళ్ళకి తెలుస్తుంది. మాత్రల లిస్టులో బీపీవి, నిద్రవి, అలర్జీవి, ఆయుర్వేదం మందులు, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవి అన్నీ రాయండి. తోడు వచ్చిన వాళ్ళతో గుమ్మం బయటే మాట్లాడుకోండి. మా ఆయనకి నేను చెప్పింది ఇదే: "డాక్టర్ గారు మిమ్మల్ని అడిగితే, తననే అడగండి, తనకే తెలుసు అనండి. నేను మర్చిపోయింది ఉంటే చివర్లో చెప్పండి." ఆయన అలాగే చేశారు. ఆ ఒక్క మాటతో కుర్చీ నా వైపు తిరిగింది.

అంతా విన్నాక కూడా "టెన్షన్ అమ్మా" అంటే? కోపం తెచ్చుకోవద్దు, లేచి వచ్చేయవద్దు. నేను అనడం నేర్చుకున్న మాటలు ఇవి: "టెన్షన్ ఉంది సార్, కాదనను. కానీ టెన్షన్ లేని రోజు కూడా వచ్చింది, తేదీలు ఇవిగో. ఇంకా ఏమేమి కావచ్చు అనుకుంటున్నారు? ఏవి కాదని ఎలా తేలింది? ఈ మందుకి నెలలో తగ్గకపోతే తర్వాత ఏం చేద్దాం?" జవాబును చీటీ మీద రాసివ్వమని అడగండి. టైము లేదంటే మళ్ళీ ఎప్పుడు రావాలో అడగండి. చాలాచోట్ల ఒకసారి కట్టిన ఫీజుతో కొన్ని రోజుల లోపు మళ్ళీ చూపించుకోవచ్చు, కౌంటర్లో కనుక్కోండి.

అదే సమయంలో ఒక నిజం ఒప్పుకోవాలి. నెలల తరబడి తల తిరిగితే ఎవరికైనా భయం పట్టుకుంటుంది. మళ్ళీ వస్తుందేమోనని మెడ బిగబట్టి, నేల చూస్తూ నడుస్తాం. అసలు జబ్బు తగ్గినా ఆ ఊగిసలాట మిగిలిపోతుంది. మూడు నెలలకు మించి దాదాపు రోజూ అలా ఉంటే దానికీ ఒక పేరుంది, పీపీపీడీ. అది నటన కాదు, మన బలహీనత కాదు. దానికి మానసిక వైద్యుల సాయం, కొన్నిసార్లు డిప్రెషన్‌కి వాడే మాత్రలే పనికొస్తాయి. కాబట్టి సైకియాట్రీకి రాస్తే అవమానం అనుకోకండి. వినకుండా పంపడం వేరు, విన్నాక పంపడం వేరు.

ఆస్పత్రిలో చేరి ఉంటే మీ రికార్డులు మీవే. అడిగిన 72 గంటల లోపు ఇవ్వాలని 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమాల్లో ఉంది. రెండో అభిప్రాయం తీసుకోవడం హక్కు అని జాతీయ మానవ హక్కుల సంఘం తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలోనూ ఉంది. ఇంకో డాక్టరుకి చూపిస్తే ఈయన నొచ్చుకుంటారేమో అని నేను మూడు నెలలు ఆగాను. ఆగాల్సింది కాదు.

మందుల గురించి ఒక్కటే చెప్తాను. తిప్పు ఆపే మాత్రలు, ముఖ్యంగా ప్రోక్లోర్‌పెరాజిన్ లాంటివి, కొద్ది రోజులకే మంచివి. నెలల తరబడి వాడితే మెదడు సొంతంగా సర్దుకోవడం ఆలస్యమవుతుంది, కొందరికి చేతులు వణకడం, ఒళ్ళు బిగుసుకుపోవడం కూడా వస్తాయి. నేను ఏడు నెలలు వాడాను, ఎన్నాళ్ళు వాడాలని ఎవరూ చెప్పలేదు, చీటీ చూపిస్తే మెడికల్ షాపులో ఇచ్చేవారు. మీరే ఆపేయకండి, "ఇది ఎన్ని రోజులు?" అని అడగండి.

నాకు ఎక్కువ మేలు చేసింది వ్యాయామం. బొటనవేలు కళ్ళ ఎదురుగా పెట్టి, చూపు దాని మీదే ఉంచి తలను అటూ ఇటూ తిప్పడం లాంటివి. బ్యాలెన్స్ సమస్యలు తెలిసిన ఫిజియోథెరపిస్టు మన సమస్యను బట్టి నేర్పిస్తారు. మొదటి రెండు వారాలు తిప్పు ఎక్కువైంది, మానేద్దామనుకున్నాను. అలా అవుతుందని ముందే చెప్పి ఉండడం వల్ల మానలేదు. ఇప్పుడు రోజూ షాపు తెరిచాక పది నిమిషాలు.

ఇంట్లో చిన్న మార్పులు చేశాం. బాత్‌రూమ్‌లో ప్లాస్టిక్ స్టూలు, తలస్నానం కూర్చునే. పొద్దున మంచం మీద నిమిషం కూర్చున్నాకే లేవడం. స్కూటీ పూర్తిగా మానేశాను. డాక్టరు సరే అనేదాకా ముట్టను. మెట్రోలో ఎస్కలేటర్ బదులు లిఫ్టు, రైల్లో వెళ్ళే దిక్కుకి ముఖం తిప్పి కూర్చోవడం. గళ్ళ బట్టలు పొద్దున పూట, పగటి వెలుతురులో, పక్కన తెల్ల బట్ట కప్పి కొంచెం కొంచెంగా కత్తిరిస్తాను. శనివారం ఉపవాసం గురించి అమ్మతో పెద్ద చర్చే అయింది. ఆవిడ మొదట్నుంచీ ఇది పైత్యమే అంటుంది, దిష్టి కూడా తీసింది. తీయనిచ్చాను, అది ఆవిడ ప్రేమ. చివరికి పాలు, పళ్ళు, సగ్గుబియ్యం కిచిడీ టైముకి తింటూ ఉపవాసం ఉండేలా ఒప్పుకుంది.

పోయిన నెల రెండే సార్లు వచ్చింది. ఒకటి నిద్ర లేని రాత్రి మర్నాడు. రెండోది మంగళవారం మధ్యాహ్నం, కడుపునిండా తిని, బాగా పడుకుని, తెల్ల లైనింగ్ బట్ట కుడుతుండగా. కారణం దొరకలేదు. ఆ వరుస చివర ప్రశ్న గుర్తు పెట్టి ఉంచాను. వచ్చే బుధవారం మేడమ్‌కి ముందుగా చూపించేది దాన్నే.